దయకు అర మార్కు

రవి బడికి పోతున్నాడు. దారిలో ఒక ముసలావిడ రోడ్డు దాటలేక నిలబడిపోయింది. రవి ఆమె చెయ్యి పట్టుకుని... ఇక్కడ ఒక ఖాళీ. ఖాళీ పక్కన బ్రాకెట్లో ‘హెల్ప్’ అని ఉంటుంది. దాన్ని ‘హెల్ప్‌డ్’ చేయాలి. చేస్తే అర మార్కు. ఇంతకీ ముసలావిడ రోడ్డు దాటిందా? ఏమో. అది సిలబస్‌లో లేదు.

మీ ఇంట్లో హైస్కూలు చదివే పిల్లలుంటే ఈ రవి మీకు బాగా తెలిసినవాడే. ఇంగ్లిష్ గ్రామర్ ప్రాక్టీసు పాసేజ్‌లలో కాపురం. దశాబ్దాలుగా పదమూడేళ్ల దగ్గరే ఆగిపోయాడు. పర్సు దొరికితే సొంతదారుకి ఇచ్చేస్తాడు. కుక్కపిల్ల కాలు విరిగితే కట్టు కడతాడు. బిచ్చగాడు కనిపిస్తే టిఫిన్ బాక్సు చేతిలో పెట్టి తను పస్తుంటాడు. రవికి ఒంట్లో బాగాలేని రోజు సీత డ్యూటీకి వస్తుంది. గైడు మారనీ, బోర్డు మారనీ, ప్రభుత్వం మారనీ, వీళ్లిద్దరికీ సెలవు లేదు. దేశంలో ఉన్న దయంతా ఈ ఇద్దరు మైనర్ల నెత్తిన పెట్టి పెద్దలు హాయిగా తప్పుకున్నారు.

ఎందుకయ్యా ఇలాంటి పాసేజ్‌లు అని తయారుచేసేవాళ్లను అడగండి. గ్రామరూ వస్తుంది, విలువలూ వస్తాయి, ఒకే దెబ్బకు రెండు పిట్టలు అంటారు. అవునా? దయ నేర్పడానికి ముందు రెండు పిట్టలు చావాలన్నమాట!

రండి, ఒక పదో తరగతి స్టడీ అవర్‌లోకి తొంగి చూద్దాం. మార్చి ముంచుకొస్తోంది. సారు కుడిచేతిలో క్వశ్చన్ బ్యాంకు, ఎడమచేతిలో బెత్తం. పాసేజ్ జీవకారుణ్యం గురించి. ‘‘ఒరే, కథ మొత్తం చదువుతూ కూర్చోకండి, టైం వేస్టు. ‘వన్ డే’ అని మొదలైందా? పాస్ట్ టెన్సు. ‘ఎవ్రీ డే’ అని ఉందా? వెర్బుకి ‘ఎస్’ తగిలించు. ‘ఎస్టర్‌డే’ కనిపిస్తే కళ్లు మూసుకుని ‘ఈడీ’ పెట్టెయ్.’’ వెనక బెంచీ వాడెవడో లేచి, ‘‘సార్, ఆ ముసలామెకు ఎవరూ లేరా సార్?’’ అని అడిగాడనుకోండి. ‘‘బిట్టులో అడిగాడా? లేదుగా. కూర్చో.’’

దయ మీద రాసిన పాసేజ్‌లో నిషిద్ధమైన పని ఒక్కటే. దాన్ని చదవడం.

పాపం, సారునేం అంటాం? ఆయన నెత్తిన ఉత్తీర్ణత శాతం కూర్చుంది. పైనుంచి టెలికాన్ఫరెన్సులో ‘మీ బడికి నూరు శాతం ఎందుకు రాలేదు’ అని గద్దిస్తారు. కింద ఆయన పిల్లల్ని గద్దిస్తాడు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. దాని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టకూడదంది, మానసికంగా వేధించకూడదంది. బెత్తం ఆ సెక్షన్ చదవలేదు. టైం వేస్టు కదా!

సరే, ఈ పాసేజ్‌లను మనమైనా వరసపెట్టి చదువుదాం. ఒక విచిత్రం కనిపిస్తుంది. వాక్యంలో కర్త ఎప్పుడూ రవే. మునిసిపాలిటీ ఏనాడూ కర్త కాదు. ఆర్ అండ్ బీ కాదు. పోలీసులు కారు. మంత్రిగారు అసలే కారు. ముసలావిడ రోడ్డు దాటలేకపోయింది, కాబట్టి రవి దాటించాలి. ఎందుకు దాటలేకపోయింది అన్న ప్రశ్న నాకు తెలిసిన ఏ గైడులోనూ లేదు.

ఎందుకో చెప్పమంటారా? అక్కడ జీబ్రా గీతలు లేవు. ఎవరో పెద్దమనిషి ఊరేగుతూ వచ్చిన రోజు హడావుడిగా పూసిన తెల్లరంగు మొదటి వానకే కొట్టుకుపోయింది. ఫుట్‌పాత్ మీద కరెంటు ట్రాన్స్‌ఫార్మరు ఉంది. దాని పక్కన ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో రెండు చేతులూ జోడించి చిరునవ్వులు చిందిస్తున్న నాయకుడు, ఆయన చుట్టూ స్టాంపు సైజులో ఇరవై మంది అనుచరులు. ఆ నమస్కారానికి చోటిచ్చి ముసలావిడ రోడ్డు మీదికి దిగింది. 2022లో ఈ దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. లెక్క కేంద్ర రవాణా శాఖదే. చనిపోయిన ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు కాలినడకన పోతున్నవారు. రవి ఎంతమందిని దాటిస్తాడు స్వామీ?

పోనీ, పాసేజ్‌ను ఇంకో రెండు వాక్యాలు పొడిగిద్దాం. ముసలావిడను లారీ గుద్దింది. రవి ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడేమవుతుంది? మొన్నమొన్నటిదాకా ఏమయ్యేది? ‘నువ్వెవడివి, నీకేం సంబంధం, సంతకం పెట్టు, స్టేషనుకు రా, వాయిదాకు రా.’ సాయం చేసిన పాపానికి రవి కోర్టు మెట్లెక్కాలి. దెబ్బతిన్నవాడిని మోసుకొచ్చినవాడిని వేధించొద్దన్న మార్గదర్శకాలకు చట్టబద్ధత రావడానికి 2016 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు కావాల్సివచ్చింది. అదీ చాల్లేదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ అని కొత్త సెక్షన్ చేర్చాల్సివచ్చింది. గ్రామర్ పుస్తకాల్లో రవి ఎప్పటినుంచో దయ చూపిస్తూనే ఉన్నాడు. దయ చూపినవాడిని పట్టుకోకండి అని రాజ్యానికి తోచడానికి మాత్రం ఇన్నేళ్లు పట్టింది. పోనీ ఈ సెక్షన్ మీద ఒక పాసేజ్ వేయండి. రవికి తన హక్కేదో తెలుస్తుంది. వేయరు. అందులో పోలీసు కర్తగా వస్తాడు మరి.

దొరికిన పర్సు తిరిగి ఇచ్చేయాలి. మంచి పాఠమే. మరి దొరికిన చెరువు? ఊరి మధ్య పాతిక ఎకరాల చెరువు దొరికితే ఎవరికి తిరిగివ్వాలి? దీనికి ఏ టెన్సు వాడాలి? ‘కబ్జా చేశాడు’ అంటే కేసు. ‘కబ్జా చేయబడింది’ అంటే ప్రెస్‌నోట్.

అన్నట్టు, మన ఏలికలకు నిజంగా వచ్చిన గ్రామర్ ఇదొక్కటే. ప్యాసివ్ వాయిస్. అందులో వాళ్లు డాక్టరేట్లు. నిధులు మంజూరు చేయబడ్డాయి. పనులు చేపట్టబడును. లాఠీలు ఝళిపించబడ్డాయి. చర్యలు తీసుకోబడతాయి. ఎవరు? ఎవరైతే నీకెందుకు? ‘బై’ తర్వాత వచ్చే పేరు అవసరం లేదనుకుంటే వదిలేయొచ్చని గ్రామర్ పుస్తకమే చెప్పింది కదా. రూలు రూలే.

ఆ రూలు ఎంత నిర్దయగా పనిచేస్తుందో చూడండి. పొద్దున్నే అసెంబ్లీలో పిల్లలంతా చెయ్యి చాచి ప్రతిజ్ఞ చదువుతారు. పెద్దలను గౌరవిస్తామని, అందరితో మర్యాదగా ఉంటామని. దాన్ని 1962లో రాసింది పైడిమర్రి వెంకట సుబ్బారావు. నల్లగొండ జిల్లా అన్నెపర్తి వారు. అప్పుడు విశాఖపట్నంలో ట్రెజరీ అధికారి. ఆయన 1988లో కన్నుమూశారు. తరాల పిల్లలు ఆ మాటలు వల్లెవేశారు, పాఠ్యపుస్తకాల మొదటి పేజీల్లో అవే అచ్చయ్యాయి. రాసినవారి పేరు మాత్రం చాలాకాలం ఎక్కడా లేదు. ప్రతిజ్ఞ ‘రాయబడింది’. అంతే. మర్యాద గురించి రాసినాయనకు మనం చూపిన మర్యాద అది.

ఇక ‘రిమూవ్ టూ’. గుర్తుందా? మన బడుల్లో ఇంగ్లిష్ చదివి, ఈ బిట్టు చేయకుండా బయటపడ్డవాళ్లు ఎందరు? ‘ముసలాయన మరీ నీరసంగా ఉన్నాడు, నడవలేడు.’ ఇందులోంచి ‘టూ’ తీసెయ్యాలి. తీసేసి ‘సో’, ‘దట్’ పెట్టాలి. పెట్టారు. ముసలాయన అప్పుడూ నడవలేడు, ఇప్పుడూ నడవలేడు. వాక్యం మారింది, మనిషి అక్కడే ఉన్నాడు. నవ్వొస్తోందా? పింఛను వేలిముద్ర పడని ముసలాయనను ఏ ఆఫీసుకైనా పంపి చూడండి. ఒక కౌంటరులో ‘టూ’ తీస్తారు, ఇంకో కౌంటరులో ‘సో దట్’ పెడతారు. మన పాలనలో సంస్కరణ అంటే ఇదే బిట్టు. పథకానికి పేరు మారుతుంది, కార్డుకు రంగు మారుతుంది, ముసలాయన లైన్లోనే ఉంటాడు. ఎవడైనా కుర్చీ వేశాడా?

పరీక్షలో ఇంకో ప్రశ్న ఉంటుంది. పాసేజ్‌లో తప్పులుంటాయి, కనిపెట్టి సరిదిద్దాలి. ఎడిటింగు. పదిహేనేళ్ల పిల్ల ‘హావ్’ ఉన్నచోట ‘హ్యాజ్’ పెట్టకపోతే మార్కు పోతుంది. న్యాయమే. మరి పెద్దలు చేసిన తప్పులకు?

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చాయి. తెలుగులో 99 మార్కులు రావలసిన అమ్మాయి మెమోలో సున్నా పడింది. పరీక్ష రాసినవాళ్లు గైర్హాజరైపోయారు. ఫలితాలు చూసుకుని కొన్ని రోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడు మేలుకుని, ఫెయిలైన మూడు లక్షలకు పైగా విద్యార్థుల పేపర్లు మళ్లీ చూడమన్నారు. చూస్తే 1,137 మంది పాస్! వెయ్యిన్నూట ముప్ఫై ఏడు తప్పులు. హావ్, హ్యాజ్ తప్పులు కావు. ఒక్కో తప్పు వెనక ఒక ఇల్లు, ఒక అన్నం ముట్టని రాత్రి. వీటికి ఎవరికి ఎన్ని మార్కులు కోశారు? కమిటీ వేయబడింది. నివేదిక సమర్పించబడింది. చూశారా, మళ్లీ ప్యాసివే.

కామా మర్చిపోతే పిల్లాడి మార్కు కోసే వ్యవస్థ, సున్నా ఎక్కడ పెట్టాలో తెలియని తన చేతికి మాత్రం ‘సాంకేతిక లోపం’ అని ముద్దుపేరు పెట్టుకుంది. దయ అంటే తమమీద తమకున్నదే కాబోలు.

టెన్సుల సంగతి ఎత్తకపోవడమే మంచిది. కానీ ఎత్తుతాను. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఇంగ్లిష్ మీడియం తప్పనిసరి అని జీవో 81. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేత. 2022-23లో తెలంగాణ ప్రభుత్వ బడుల్లోనూ ఇంగ్లిష్ మీడియం. 2023 జూన్‌లో ఆంధ్ర బడులకు టోఫెల్ ఒప్పందం. అమెరికా చదువుకు పోయేవాళ్లు రాసే పరీక్ష పేరు తెచ్చి మూడో తరగతి పిల్లల మెడలో కట్టారు. 2024లో సర్కారు మారింది, టోఫెల్ పోయింది. వెయ్యి బడులను సీబీఎస్ఈలోకి మార్చారు, మళ్లీ రాష్ట్ర బోర్డుకే లాక్కొచ్చారు. ఆ పిల్లలకు ప్రెజెంట్ కంటిన్యూయస్ ఎలా అర్థమవుతుంది చెప్పండి? వాళ్ల బతుకులో ఏదైనా కంటిన్యూ అయితేగా!

ఏకవచనం, బహువచనం మాత్రం బాగా నేర్పుతున్నాం. 2024-25 లెక్కల్లో దేశం మొత్తమ్మీద ఏకోపాధ్యాయ బడులు ఎక్కువున్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 12,912. ఒక్క టీచరు, ఐదు తరగతులు. ఆ ఒక్కరే తెలుగు, ఆ ఒక్కరే లెక్కలు, ఆ ఒక్కరే గుడ్ల లెక్క, ఆ ఒక్కరే మరుగుదొడ్డి ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. మధ్యలో తీరిక చిక్కితే రవి చేత ముసలావిడను రోడ్డు దాటించాలి.

ఇంత చేసి పిల్లలకు ఇంగ్లిష్ వచ్చిందా? అసర్ సంస్థ 2023లో గ్రామీణ ప్రాంతాల్లో 14 నుంచి 18 ఏళ్ల వాళ్లను పరీక్షించింది. చిన్నచిన్న ఇంగ్లిష్ వాక్యాలు చదవగలిగినవాళ్లు 57.3 శాతం. చదవగలిగినవాళ్లలోనూ నాలుగో వంతు మంది అర్థం చెప్పలేకపోయారు. ‘కథ చదవకు, వెర్బు చూడు’ అని మనం చెప్పిన మాట తు.చ. తప్పకుండా పాటించారు పాపం.

ఇక్కడో మాట. ఇంగ్లిష్ వద్దని నేననడం లేదు. కూలికి పోయే తల్లి తన కూతురికి ఇంగ్లిష్ కావాలంటే, మనవణ్ణి డాలస్‌లో పెట్టుకుని ఆగస్టు 29న తెలుగుతల్లికి దండ వేసే పెద్దమనిషికి కాదనే హక్కు ఎక్కడిది? ఆ తల్లి అడిగింది ఇంగ్లిష్. మనం ఇచ్చింది ఖాళీలు. ఆమె ఫీజు కట్టడానికి పుస్తెలు తాకట్టు పెట్టింది. మనం యూనిఫారానికి టై కట్టి, ఇదే ఇంగ్లిష్ పొమ్మన్నాం.

ఫీజు తీసుకునే బళ్ల దయ ఇంకో రకం. 2009 అక్టోబరులో కడప జిల్లా మైదుకూరులో తెలుగు మాట్లాడారని చిన్నపిల్లల మెడలో ఇంగ్లిష్ పలకలు వేలాడదీశారు. ఇక తెలుగు మాట్లాడబోనని ఆ పలకల సారాంశం. రాష్ట్రం గగ్గోలెత్తింది. తర్వాత? పలకలు పోయాయి, జరిమానాలొచ్చాయి. అమ్మా అన్నందుకు పది రూపాయలు. గోడ మీద మాత్రం రంగురంగుల చార్టు: అందరితో దయగా ఉండండి. ఏ భాషలో ఉంది చార్టు? వేరే చెప్పాలా?

ఆంధ్రప్రదేశ్ పదో తరగతికి ఇప్పుడు ఎన్‌సీఈఆర్‌టీ ఇంగ్లిష్ పుస్తకం. మొదటి పాఠం లెంచో అనే రైతు కథ. వడగళ్లకు పంట పోతుంది. వంద పెసోలు పంపమని దేవుడికి ఉత్తరం రాస్తాడు. పోస్టుమాస్టరు జాలిపడి తన జీతంలోంచి కొంత తీసి, తోటి ఉద్యోగుల దగ్గర చందాలు పోగేసి డెబ్బై పంపిస్తాడు. మిగతా ముప్ఫై పోస్టాఫీసు వాళ్లే నొక్కేశారని లెంచో అనుమానం. కథ మెక్సికోది, కనుక పిల్లలు నమ్ముతున్నారు. మన లెంచో మండలాఫీసుకు రాస్తే? ఈ-క్రాప్‌లో నీ పేరు లేదంటారు. ఉంటే, నష్టం శాతం చాల్లేదంటారు. చాలితే, సర్వర్ డౌన్ అంటారు. ఆఖరికి దేవుడికి రాయమంటారు. కథ అక్కడే మొదలవుతుంది.

మధ్యాహ్నం గంట కొట్టారు. అన్నం వేళ. ఆంధ్రప్రదేశ్ బడి భోజనానికి 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. గోదావరి లంకల గన్నవరంలో వేళ కాని వేళ ఎవరొచ్చినా ఆకు వేసి వడ్డించిన తల్లి. పేరు బ్రహ్మాండం. మరి ఆ అన్నం వండే మనిషి? వంటమనిషికి నెలకు వెయ్యి రూపాయల గౌరవవేతనమని కేంద్రం 2009లో నిర్ణయించింది. అదీ ఏడాదికి పది నెలలే. పదిహేనేళ్లు గడిచినా ఆ అంకె కుర్చీలోంచి లేవలేదు. రాష్ట్రం 2019లో తన వాటా కలిపి 3,000 చేసింది. రోజుకు వంద. ఆ వందకు కట్టెలపొగ, మసి గిన్నెలు, ఆలస్యమయ్యే బిల్లులు, కిరాణా కొట్లో అప్పు. వేతనానికి ముందు ‘గౌరవ’ తగిలించడం మాత్రం మర్చిపోలేదు. దీని మీద ఒక పాసేజ్ వేయొచ్చుగా? కర్త ప్రభుత్వం. క్రియ ‘పే’. సరైన రూపంలో రాయండి. భూతకాలమా? భవిష్యత్తా? ఏ టెన్సు పెట్టినా తప్పే పడుతుంది.

చివరగా ఉత్తరం సంగతి. పదో తరగతి ఇంగ్లిష్‌లో పిల్లలు బాగా బట్టీ పట్టేది మునిసిపల్ కమిషనర్‌కు రాసే లేఖ. మా వీధిలో మురికి నీళ్లు నిలిచాయి, దోమలు పెరిగాయి, రోడ్డు గుంతలు పడింది, దయచేసి చర్య తీసుకోండి. ఆ ‘దయచేసి’ దగ్గర కూడా గ్రామర్ తప్పు దొర్లకూడదు. రెండు రాష్ట్రాల్లో ఏటా పది లక్షల మందికి పైగా పది పరీక్షకు కూర్చుంటారు. వాళ్లలో ఎంతమంది ఈ ఉత్తరం రాసుంటారో ఊహించుకోండి. ప్రపంచంలో ఏ కమిషనర్‌కీ ఇంత మర్యాదైన వినతిపత్రాలు అంది ఉండవు. అందితేగా? అవి స్పాట్ వాల్యుయేషన్ క్యాంపుకు పోతాయి. అక్కడ రోజుకు నలభై పేపర్లు దిద్దే టీచరు అడ్రసు కుడివైపు ఉందా, తేదీ వేశాడా, చివర ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’ స్పెల్లింగు సరిపోయిందా అని చూసి మార్కులేస్తాడు. మురికి నీళ్ల సంగతి ఆయన చూడడు, చూసినా ఏం చేస్తాడు? ఆ తర్వాత కొన్నాళ్లకు కట్టలన్నీ చిత్తుకాగితాల కింద పోతాయి.

ఒక్క ఏడాది ఆ కట్టలను కాగితాల మిల్లుకు పంపకండి. నేరుగా కమిషనర్ల ఆఫీసులకు తోలండి. లారీ దిగుతుంది. ఇన్‌వార్డు గుమస్తా పైన ఉన్న ఉత్తరం తీసి చూస్తాడు. తీసుకుంటాడా? చచ్చినా తీసుకోడు. పరీక్షలో పిల్లలు సొంత పేరు, సొంత ఊరు రాయకూడదు కదా. పేరు దగ్గర ఎక్స్ ఎక్స్ ఎక్స్, ఊరు దగ్గర వై వై వై అని ఉంటుంది. ‘‘పంపినవాడి అడ్రసు లేదండీ, ఆధార్ జిరాక్సు లేదు, వాపసు తీసుకెళ్లండి’’ అంటాడు.